అరగదీసిన కత్తి, ఆవిడ తెచ్చిన ఒర

కత్తుల బాబాయ్ అన్న పేరు వినగానే ఆయనెవరో పేరుమోసిన రౌడీ అనుకుని, ఆ వీధిలో కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మొదటి వారం రోజులూ తలుపులు గడియ పెట్టుకుని కూర్చుంటారు. రెండో వారానికి ఎవరిదో బ్యాగు జిప్పు ఊడుతుంది, లేదా సూట్‌కేసు పిడి తెగుతుంది. ఇక ఆయన కొట్టుకి వెళ్ళక తప్పదు. తీరా వెళ్ళి చూస్తే ఏముంది! ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలు, మోకాళ్ళ మధ్య తోలు సంచి, పళ్ళ మధ్య మైనం పట్టించిన దారం, ఆ దారం తియ్యకుండానే "రండమ్మా, కూర్చోండి" అనే పలకరింపు. గట్టిగా తుమ్మితే ఎదుటివాళ్ళు ఉలిక్కిపడతారేమోనని రుమాలు అడ్డం పెట్టుకునే మనిషి ఆయన. ఒకసారి తోలుకి బెజ్జాలు వేసే ఆరె గుచ్చుకుని వేలి మీద నాలుగు చుక్కలు నెత్తురు కనిపిస్తే కళ్ళు తిరిగి బల్ల కింద పడ్డాడు. ఈ సంగతి ఆయన చెప్పలేదు. వాళ్ళావిడే వీధి వీధంతా చెప్పింది.

ఆ ఇల్లాలు పెద్దాసుపత్రి ఎముకల వార్డులో ముప్ఫయ్యేళ్ళు నర్సు పని చేసి రిటైరైంది. మాట కరుకు, చెయ్యి మెత్తన. "పగలంతా విరిగిన కాళ్ళూ చేతులూ చూసి ఇంటికొస్తే, ఈయన విరిగిన కత్తులు ముందేసుకుని కూర్చునేవాడు. నాకు డ్యూటీ దిగే భాగ్యం ఎక్కడిది!" అని ఇప్పటికీ అంటూ ఉంటుంది. అంటూనే కత్తులు చుట్టడానికి పాత దుప్పట్లు చించి పెడుతుంది.

కొట్టు వెనక గదిలో నిలువెత్తు చెక్క బీరువా, దానికి లోతు తక్కువ సొరుగులు. ఆ సొరుగుల్లో నలభై ఒక్క కత్తులు. అన్నీ ఏదో ఒక కాలంలో ఏదో ఒక సైన్యం తన సిపాయిలకి నడుముకి కట్టుకోమని ఇచ్చినవే. పులిబొమ్మల పిడులూ, రాళ్ళు పొదిగిన ఒరలూ ఆయన దగ్గర ఉండవు. అలాంటివి ఎవరైనా తెచ్చి చూపిస్తే "బాగుందండీ, గోడకి పెట్టుకోండి" అంటాడు, అంతే. ఆయనకి కావలసినవి మట్టిలో పడి లేచిన మామూలు కత్తులు. కత్తిదీ ఒరదీ ఒకే నంబరు అయితే మరీ పండగ. సైన్యంలో జత కలిపి నంబరు కొట్టి ఇచ్చినవి, యుద్ధం అయ్యాక గోదాముల్లో ఎక్కడివక్కడ తారుమారైపోతాయి. అందుకని జోడీ దొరకడం అరుదు.

దొరికిన జోడీని కూడా ఆయన కలిపి ఉంచడు. కత్తికి నూనె రాసి గుడ్డ చుట్టి ఒక సొరుగులో, ఒరలో కాగితం ఉండ దూర్చి ఇంకో సొరుగులో పెడతాడు. తోలు చెమ్మ పీలుస్తుంది, దాన్ని పదును చేసిన మందులు ఇనుముని తింటాయి, ఒరలో వదిలేసిన కత్తి పదేళ్ళలో తుప్పు పడుతుంది. "మొగుణ్ణీ పెళ్ళాన్నీ చెరో గదిలో పడుకోబెట్టినట్టుంది మీ వరస" అని ఇల్లాలు ఎగతాళి చేస్తుంది. కొత్తగా కత్తులు పోగేసేవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఆ రెంటినీ కలిపి ఉంచడమే. రెండో పొరపాటు దీనికి తాతలాంటిది. అది కత్తుల బాబాయ్ స్వయంగా చేశాడు.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. బెల్టు బకిల్సు వెతుక్కుంటూ పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్టు పెద్దాయన్ని అందరూ ఇనప తాత అనేవారు. తుప్పుపట్టిన గొలుసుల కింద నల్లగా, మొరటుగా ఒక కత్తి కనిపించింది. ఒర లేదు. పిడి చివర ఇత్తడి బిళ్ళ మీద 7316 అని నాలుగంకెలు. అదేం ఆకర్షణో గానీ, బకిల్సు సంగతి మర్చిపోయి కత్తి పట్టుకుని ఇంటికొచ్చాడు. మూడు రోజులు కొట్టు తెరవలేదు. ఎమరీ పేపరు పెట్టి రుద్దాడు, రుద్దాడు, భుజం పట్టేసేదాకా రుద్దాడు. అది చాలదన్నట్టు గిన్నెలకి మెరుగు పెట్టే షాపుకి తీసుకెళ్ళి చక్రం మీద పట్టించాడు. కత్తి అద్దంలా అయింది. అందులో మొహం చూసుకుని మీసం కూడా దువ్వుకున్నాట్ట. ఇదీ ఇల్లాలి సాక్ష్యమే.

ఆ కత్తి పట్టుకుని మెచ్చుకుంటాడని ఇనప తాత దగ్గరికి పరిగెత్తాడు. తాత కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనున్న డబ్బా మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేశావురా అబ్బాయ్!" అన్నాడు. "దీని మీద ఎవడో ఒక సిపాయి కొన్నేళ్ళు బతికిన గుర్తులున్నాయిరా. గీతలు, నొక్కులు, మరకలు. అన్నీ ఊడ్చిపారేశావు. ఇప్పుడిది గరిటెకి చెల్లెలు. పో, పప్పు కలుపుకో."

తాతకి కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. లోపల్నుంచి ఇంకో నాలుగు కత్తులు తెచ్చి ముందు పోసి, చదవడం నేర్పించాడు. డబ్బాలు తెరిచిన కత్తికి మొన ఒక పక్కకి వంగుతుంది. డేరా గూటాలు కొట్టినదానికి పిడి చివర సొట్టలు పడతాయి. తాళ్ళు కోసినదానికి పిడి దగ్గర అంచు అరుగుతుంది. పొయ్యి మీద కాల్చుకు తిన్నదానికి నీలిరంగు మరక ఉంటుంది. ఆ సాయంత్రం నేర్చుకున్న చదువుతోనే తర్వాతి నలభై కత్తులూ వచ్చాయి. వాటిలో ఒక్కదాని మీద కూడా ఆయన నూనె గుడ్డ తప్ప ఇంకేమీ పెట్టలేదు. "నన్ను తిట్టి వదిలేసి ఉంటే నేను ఆ రోజే మానేసేవాణ్ణి. తిట్టాక కూర్చోబెట్టి నేర్పించాడు. ఆయన రుణం ఈ జన్మకి తీరదు" అని ఇనప తాత పోయిన ఇన్నేళ్ళకీ తలుచుకుంటాడు. అలా తలుచుకునేవాళ్ళ జాబితా ఆయన దగ్గర చాలా పెద్దది. కత్తులకి ఏ నూనె మంచిదో చెప్పిన గడియారాల మేస్త్రీ, బీరువా చేసిపెట్టిన వడ్రంగి బావమరిది, పాత దుప్పట్లు చించే పెళ్ళాం. మనిషికి కృతజ్ఞత ఇంత ఎక్కువైతే ఎలాగని నాబోటివాళ్ళకి చిరాకేస్తుంది కూడా.

మెరిసే 7316ని మాత్రం అమ్మలేదు, దాచలేదు. పై సొరుగులో పెట్టాడు. కత్తులు చూడటానికి ఎవరొచ్చినా ముందు అదే తీసి "ఇది నేను చేసిన వెధవ పని. చూసి జాగ్రత్త పడండి" అని మొదలుపెడతాడు.

మొన్నీమధ్య ఒక పత్రిక విలేకరి బ్యాగు పట్టీ కుట్టించుకోవడానికి వచ్చి, ఆ గది చూసి నోరు వెళ్ళబెట్టి, ఆదివారం నాడు అరకాలమ్ రాసిపడేశాడు. 'కత్తిని చూసి దాని కథ చెప్పగల మనిషి' అని పెద్దక్షరాలు. మిగతా నలభై కత్తులుండగా, విలేకరి వెంటబెట్టుకొచ్చిన ఫొటోలు తీసేవాడికి మెరిసేదే నచ్చింది. నచ్చదూ మరి! పిడి బిళ్ళ మీద అంకెలతో సహా పేపర్లో అచ్చయింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం రెండు దాటాక, ఒక పెద్దావిడ కొట్టు మెట్లెక్కింది. డెబ్భై దాటి ఉంటాయి. నడుము వంగలేదు. చేతిలో గుడ్డ సంచి. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యానని చెప్పి, బల్ల మీద ఒక తువ్వాలు పెట్టి మడతలు విప్పింది. లోపల తోలు ఒర. మూత కూడా ఊడలేదు, బొత్తాం పెట్టే ఉంది.

కత్తుల బాబాయ్ దాన్ని వెనక్కి తిప్పాడు. నడుం పట్టీ దూర్చే చోట తోలులోకి దిగిన అంకెలు: 7316.

ఆయన చిన్నపిల్లాడిలా లేచి నిలబడి "ఇదిగో, ఒకసారి ఇలా రా! త్వరగా రా!" అని లోపలికి కేకేశాడు. నూనె గిన్నె తన్నుకుని దొర్లించాడు. ఇల్లాలు చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన ఒరని రెండు అరచేతుల్లో పట్టుకుని ఉన్నాడు, కళ్ళు తడిగా ఉన్నాయి. "ముప్ఫయ్యేళ్ళమ్మా. ముప్ఫయ్యేళ్ళుగా దీని కోసం చూస్తున్నాను."

"నేను దీన్ని అమ్మడానికి రాలేదండీ," అంది టీచరుగారు. "కత్తి కొనుక్కోడానికీ రాలేదు. మీరు కత్తిని చూసి అది ఏమేం చేసిందో చెప్తారని పేపర్లో రాశారు. నిజమేనా?"

"కొంతవరకు నిజమేనమ్మా."

"అయితే నాకు ఒక్క సంగతి చెప్పండి. ఆయన దీంతో మనుషుల్ని చంపాడా?"

ఆయన అంటే ఆవిడ తండ్రి. యుద్ధం నుంచి తిరిగొచ్చాక పుట్టిన పిల్ల ఈవిడ. ఆయన ఇంట్లో ఉలుకూ పలుకూ లేకుండా తిరిగేవాడట. సైన్యంలో ఏం పని చేశాడో భార్యకి కూడా చెప్పలేదు. కాగితాలు వరదలో పోయాయి. కత్తిని అటక మీదికి విసిరేశాడు, ఒర మాత్రం సామాన్ల గదిలో మేకుకి వేలాడేది. ఇంట్లో ఆయన కత్తి పట్టుకోగా ఎవరూ చూడలేదు. పిల్లల పెన్సిళ్ళు కూడా తల్లే చెక్కేది.

"నాకు ఆరేళ్ళప్పుడు," అంది టీచరుగారు, "జామపండూ కత్తీ తీసుకెళ్ళి ముక్కలు కొయ్యమని ఆయన ఒళ్ళో పెట్టాను. చేతులు వణికాయి. మొహం పాలిపోయింది. నన్ను ఒక పక్కకి నెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ నాకు ఆయనంటే భయం. ఏదో ఘోరం చేసి ఉంటాడని అనుకున్నాను. ఆయన గదిలోకొస్తే నేను ఇంకో గదిలోకి పోయేదాన్ని. నా పదకొండో ఏట పోయాడు. మా మేనమామ అటక మీది సామానంతా పాత ఇనుముకి వేసేశాడు, కత్తి అలా పోయింది. మేకుకి ఉన్న ఒర ఎవరికీ గుర్తు రాలేదు." తువ్వాలు అంచు సవరించింది. "ఒక మనిషిని అరవయ్యేళ్ళు అసహ్యించుకున్నాను. అది న్యాయమో కాదో నాకు తెలియాలి. ఏదైనా పర్వాలేదు, నిజం చెప్పండి చాలు."

కత్తుల బాబాయ్ వెనక గదిలోకి వెళ్ళాడు.

పై సొరుగు లాగాడు. కత్తిని తెచ్చి, గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. కిటికీ వెలుగు దాని మీద పడి పైకప్పు దాకా ఎగిరింది. చెప్పడానికి ఒక మంచి మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. 'లేదమ్మా, చూడండి, ఒక్క నొక్కు కూడా లేదు, మీ నాన్నగారు దీన్ని పొట్లాలు విప్పడానికి తప్ప వాడలేదు.' ఇంతే చెప్తే చాలు. ఆవిడ మనసు కుదుటపడుతుంది. ఎవరికీ నష్టం లేదు, అడిగేవాడూ లేడు. ఆయన నోరు తెరిచాడు కూడా. టీచరుగారు రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"చెప్పలేనమ్మా," అన్నాడు. "ఈ కత్తి మీద అంతా రాసే ఉండేది. నేనే చెరిపేశాను. అప్పుడు నాకేం తెలీదు. మెరిస్తే బాగుంటుందనుకుని మూడు రోజులు అరగదీశాను. మీరు అడిగినదానికి జవాబు ఉంటే ఆ పొడిలో కలిసి పోయింది. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు."

టీచరుగారు కోప్పడలేదు. కత్తి వైపు చూస్తూ "మూడు రోజులా?" అంది.

"మూడు రోజులు."

"బాగా మెరుస్తోంది," అంది. ఇనప తాత తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ రెండు మాటలూ ఒక ఎత్తు. ఆయన తల దించుకున్నాడు.

ఆవిడ తువ్వాలు మడతపెట్టి, ఒర కోసం చెయ్యి చాచింది. ఇద్దామని ఎత్తినవాడు ఆగిపోయాడు. మనసు ఎంత చెడినా, చేతులు తోలు పనివాడి చేతులు కదా. ఒర కింది కొసని బొటనవేలితో నొక్కాడు. వంగలేదు. మళ్ళీ నొక్కాడు. లోపల ఏదో గట్టిగా ఉంది.

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా. కత్తినైతే నాలాంటి తెలివితక్కువవాడు ఎవడైనా తోముతాడు. ఒర లోపల ఎవడూ తోమడు."

మూత బొత్తాం తీసి టార్చి వేసి చూశాడు. చీకటి. సన్నటి పట్టకారు దూర్చాడు. కొస దాకా అందింది గానీ అక్కడున్నది కదల్లేదు, ఏళ్ళ తరబడి కూరుకుపోయి ఉంది. అది బయటికి రావాలంటే కొస దగ్గర కుట్టు విప్పాలి. ఆ కుట్టు ఆనాడు కార్ఖానాలో వేసినది, ఒక్క పోగు కూడా తెగలేదు. ఒరలు పోగేసేవాళ్ళలో అసలు కుట్టు కోసినవాణ్ణి పక్కన కూర్చోనివ్వరు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఎన్నో ఒరలు బాగుచేశాడు గానీ, బాగున్న కుట్టు మీద కత్తి పెట్టలేదు.

"కోస్తే ఇది మళ్ళీ ఇలా ఉండదమ్మా," అన్నాడు. "లోపల మీకు కావలసింది ఉండొచ్చు, వట్టి మట్టి ఉండొచ్చు. మీరు వినకూడదనుకునేదే ఉండొచ్చు. ఒకసారి తొందరపడి మీ సొమ్ము పాడుచేశాను. ఈసారి మీరు చెప్పందే ముట్టుకోను."

టీచరుగారు కూర్చుంది. "కొయ్యండి," అంది.

పదకొండు కుట్లు. ఒక్కొక్కటీ ఆరె మొనతో పైకి లేపి, సన్న బ్లేడుతో తెంపాడు. చెమట కళ్ళద్దాల మీదికి కారుతుంటే ఇల్లాలు కొంగుతో తుడిచింది. తోలు రెండు పెదవులూ విడదీసి, తెల్ల కాగితం మీద తట్టాడు. వక్క అంత ఉండ ఒకటి పడింది. గోధుమరంగుగా, రాయిలా ఉంది. దాని చుట్టూ కొంచెం తెల్ల పొడి.

ఆయనకి అది ఏమిటో అర్థం కాలేదు. ఇంతలో ఇల్లాలు "జరగండి" అని ఆయన్ని భుజంతో నెట్టి ముందుకొచ్చింది. పాత ఆసుపత్రి పెట్టెలోంచి ఫోర్సెప్స్ తెచ్చి, ఉండ మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి, మెత్తబడేదాకా ఆగి, పొరపొరా విప్పింది. గళ్ళు గళ్ళుగా సన్న నూలు పోగులు. దూది. వాటి మధ్య ముదురాకుపచ్చ ఉన్ని పోగులు. చిట్టచివర రేకు తొడుగున్న బూటు తాడు ముక్క, ఏటవాలుగా కోసి ఉంది. తెల్ల పొడిని తడిచేసి వేళ్ళ మధ్య నలిపింది.

"ఇది ప్లాస్టరు," అంది. "నేను ముప్ఫయ్యేళ్ళు గోళ్ళల్లోంచి తీసుకున్న ప్లాస్టరు, నాకు తెలీదా! ఈ గళ్ళ గుడ్డ గాయానికి కట్టు కట్టే పల్చటి నూలు గుడ్డ. ఇది బూటు తాడు, ఈ ఉన్ని సిపాయి పంట్లాం పోగు. అమ్మా, కాలు విరిగినవాడి బూటు లాగకూడదు, వాచిపోతుంది, ప్రాణం పోయినంత నొప్పి. ముందు తాడు కొయ్యాలి, తర్వాత బూటు, తర్వాత పంట్లాం పైదాకా చీల్చాలి. మేం కత్తెరలతో చేసేవాళ్ళం. మీ నాన్నగారు కత్తితో చేశారు. ఒకళ్ళకో ఇద్దరికో చేస్తే ఇంత ఉండ కట్టదు. ఎంతమందికి చేశారో!"

"ఈ గోధుమరంగు?" అంది టీచరుగారు.

ఇల్లాలు భర్త వంక చూసింది. ఆయన తలూపాడు.

"నెత్తురే," అంది.

"ఈ కత్తి ఎవర్నీ పొడవలేదని నేను చెప్పలేనమ్మా," అన్నాడు కత్తుల బాబాయ్. "అది చెప్పే హక్కు నేనే పోగొట్టుకున్నాను. దెబ్బలు తగిలినవాళ్ళ దగ్గర మీ నాన్నగారు చాలా రోజులు కూర్చున్నారని మాత్రం చెప్పగలను."

టీచరుగారు కాగితం మీద ఉన్న పోగుల్ని వేలితో దగ్గరికి చేర్చింది. ఇల్లాలు ఆవిడ పక్కన కూర్చుని, "వార్డులో చేరిన కొత్తలో నెల రోజులు నేను వంటింట్లో కత్తి ముట్టుకోలేకపోయాను. ముట్టుకుంటే ఆ అరుపులు వినిపించేవి. ఆ నెలంతా ఈయనే వంట చేసిపెట్టాడు. ఎందుకని ఒక్కమాట అడగలేదు, మహానుభావుడు," అంది.

"అయితే జామపండు తెచ్చిన ఆ రోజు నా మీద అసహ్యం వేసి వెళ్ళిపోలేదన్నమాట," అంది టీచరుగారు. చాలాసేపు ఏడ్చింది. ఏడుపులో "నాన్నా, నాన్నా" అనే మాట ఒక్కటే తెలిసింది.

ఆవిడ టీ తాగేలోగా కత్తుల బాబాయ్ పాత బెజ్జాల్లోంచే దారం పోనిచ్చి పదకొండు కుట్లూ మళ్ళీ వేశాడు. కత్తిని ఒరలోకి దించాడు. అది మెల్లగా జారి, పిడి దాకా వెళ్ళి ఆగింది. రెంటినీ కలిపి ఆవిడ ముందు పెట్టి "తీసుకెళ్ళండమ్మా, ఇవి మీవి" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన జోడీ అది. ఇస్తుంటే చెయ్యి వెనక్కి లాగలేదంటే నమ్మండి, నేను అక్కడే ఉన్నాను, సంచీ కుట్టించుకోవడానికి వెళ్ళి మూలన కూర్చుని కదల్లేకపోయాను.

టీచరుగారు వాటిని వెనక్కి జరిపింది. నూలు పోగులున్న కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. "నాన్న కత్తి కళ్ళెదుట ఉంచుకోలేదు. నేనూ ఉంచుకోను. మీ దగ్గరుంటే చూసుకుంటారు. నాకు ఇది చాలు."

"నేను పాడుచేసినవాణ్ణమ్మా," అన్నాడు ఆయన. "నాకు ఇవ్వడం ఏమిటి? మీరు నన్ను నాలుగు తిట్టి వెళ్ళినా నాకు..."

"చూడండీ," అంది టీచరుగారు. "నేను నలభయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. అబద్ధం చెప్పబోయే మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. కత్తి బల్ల మీద పెట్టాక మీ మొహం అలాగే ఉంది. నా మీద జాలితో ఏదో మంచిమాట చెప్పబోయారు, అవునా?"

ఆయన ఒప్పుకున్నాడు.

"అది చెప్పి ఉంటే సరేనని తలూపి వెళ్ళిపోయేదాన్ని. నమ్మేదాన్ని మాత్రం కాదు. ఆ తర్వాత మీరు ఎన్ని దూది ముక్కలు చూపించినా, ఎన్ని కథలు చెప్పినా నమ్మేదాన్ని కాదు. మీ తప్పు మీరే చెప్పుకున్నారు కాబట్టి నాన్న గురించి మీరు చెప్పిందంతా నమ్మాను." లేచి నిలబడి, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మీ పుణ్యమా అని నాకు డెబ్భై రెండో ఏట నాన్న దొరికాడు."